ఐర్లండ్ పల్లెల్లో కలుపు మొక్కల వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్ నాటువైద్యం అనగానే చాలామంది డ్రూయిడ్ పూజారులనీ, మంచు కమ్మిన అడవుల్నీ ఊహించుకుంటారు. నిజానికి ఆ మందుల్లో చాలాభాగం పేడకుప్ప పక్కన, బంగాళాదుంప సాళ్ళ మధ్య, పశువుల కొట్టం గోడవార మొలిచినవే. రైతు తిట్టుకుంటూ పీకి పారేసిన మొక్కనే ఇంటావిడ ఏరుకొచ్చి కాచేది. ఈ విషయం మీద తెలిసినవాళ్ళు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నల్ని ఒకచోట పెట్టాను. చదువుకోవడానికే సుమా, సొంత వైద్యానికి కాదు.

మంచి మూలికలు ఉండగా కలుపు మొక్కలే ఎందుకు?

చేతికి అందేవి అవే కాబట్టి. ఐర్లండ్‌లో అడవులు ఎప్పుడో కొట్టేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి దేశం మొత్తం మీద మిగిలిన అడవి 1 శాతం దాకా ఉంటుందంతే. పల్లె జనం బతికింది చిన్న కమతాల మీద. కొడవలి తగిలి పిల్లాడి వేలు తెగితే కొండెక్కి మూలిక వెతికే తీరిక ఎవరికుంటుంది? వాకిట్లో ఏముంటే అది నలిపి పెట్టాలి.

డాక్టర్లు లేరా అంటే, ఉన్నారు. 1851లో వచ్చిన చట్టంతో పేదల కోసం ఊళ్ళ పరిధిలో డిస్పెన్సరీలు పెట్టారు. కానీ అక్కడ ఉచితంగా చూపించుకోవాలంటే ముందు ఊరి పెద్దమనుషుల్లో ఒకరి దగ్గర టికెట్ తెచ్చుకోవాలి, ఆ తర్వాత మైళ్ళ కొద్దీ నడవాలి. ప్రాణం మీదికి వస్తే వెళ్ళేవాళ్ళు. సెగ్గడ్డకీ పులిపిరికీ ఎవరు వెళ్తారు?

పల్లె ఆడవాళ్ళు చేసుకున్న వైద్యం సంగతులు ఇంత వివరంగా ఎలా తెలిశాయి?

బడిపిల్లలు రాసిపెట్టారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది ఇదే. 1935లో ఐరిష్ జానపద కమిషన్ ఏర్పడింది. 1937 నుంచి 1939 వరకు ఆ కమిషన్, విద్యాశాఖ కలిసి 26 కౌంటీల్లోని (అంటే జిల్లాల్లాంటివి) ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఒక పని అప్పగించాయి: ఇంటికెళ్ళి తాతల్నీ అమ్మమ్మల్నీ ఇరుగుపొరుగు ముసలివాళ్ళనీ అడిగి పాత సంగతులు రాసుకురండి అని. 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలు, 5,000 బడుల నుంచి దాదాపు 50,000 మంది. రాసిన పేజీలు దాదాపు 7,40,000. కథలు, దయ్యాలు, సామెతలు, వాతావరణం గుర్తులు, వాటితోపాటు ఇంటి మందులు, ఊళ్ళోని కలుపు మొక్కలు.

కలుపు గురించి ప్రత్యేకంగా అడగడం వల్ల ఒక తమాషా జరిగింది. పిల్లలు ముందు ఈ మొక్క పొలాన్ని ఎలా పాడుచేస్తుందో రాశారు, ఆ వెంటనే ఏ రోగానికి పనికొస్తుందో రాశారు. అంతకు ముందు సంవత్సరం, 1936లోనే, హానికర కలుపు మొక్కల చట్టం వచ్చింది. వెడల్పాటి ఆకుల డాక్, ముళ్ళ తిజిల్, పసుపు పువ్వుల రాగ్‌వర్ట్ పెరగనిస్తే రైతుకు జరిమానా. ప్రభుత్వం ఒక చేత్తో డాక్ మొక్కను నేరస్థుల జాబితాలో చేర్చింది, రెండో చేత్తో దాని వైద్యగుణాలు రాసుకురమ్మని పిల్లలకు నోటు పుస్తకాలు ఇచ్చింది!

ఆ రాతలు ఇప్పుడు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని జాతీయ జానపద సేకరణలో భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో కూడా చదవచ్చు. కమిషన్ సేకరణకు 2017లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

నెటిల్ (ఆకులకు కుట్టే నూగుండే మొక్క) కుడితే డాక్ ఆకు రుద్దమంటారు. నిజంగా తగ్గుతుందా?

మేం ఐర్లండ్ వచ్చిన కొత్తలో పార్కులో మా అమ్మాయి బంతి కోసం నెటిల్ పొదలోకి చెయ్యి పెట్టి కెవ్వుమంది. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ లేచొచ్చి, పక్కనే ఉన్న వెడల్పాటి ఆకు ఒకటి తెంపి, నలిపి, దద్దుర్ల మీద గట్టిగా రుద్దుతూ ఏదో చిన్న పాట అంది. అదే డాక్. ఐరిష్‌లో కొపోగ్ అంటారు. మన చుక్కకూరకు అచ్చంగా దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. ఆకు చూడగానే నాకెక్కడో చూసినట్టు అనిపించింది అందుకే.

నెటిల్ నూగులో హిస్టమిన్, అసిటైల్‌కోలిన్, సెరటోనిన్ ఉంటాయి. మంట, దురద వాటివల్లే. నెటిల్ విషం ఆమ్లం, డాక్ రసం క్షారం, ఒకదానికొకటి విరుగుడు అని చాలామంది చెబుతారు. అది తప్పు. డాక్ రసమే పులుపు, చుక్కకూరకు పులుపునిచ్చే ఆక్సాలిక్ ఆమ్లమే దీంట్లోనూ ఉంది. మరి హాయిగా ఎందుకుంటుందంటే, చల్లటి తడి రసం తగలడం, రుద్దడం, ఏడ్చే పిల్ల మనసు పాట మీదికి మళ్ళడం. ఈ లోపు మంట దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మా అమ్మాయి విషయంలో పాటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

నెటిల్‌ని దురదగొండి అని తెలుగు చేస్తే వచ్చే చిక్కొకటుంది. మన దురదగొండి, దూలగొండి వేరే మొక్కలు. వాటి మందు గుణాలు దీనికీ, దీని గుణాలు వాటికీ అంటగట్టకూడదు.

అదే నెటిల్‌ని కూరలా తినేవాళ్ళట?

తినేవాళ్ళు, ఇప్పటికీ సూప్ కాచుకునేవాళ్ళున్నారు. మే నెలలో మూడుసార్లు నెటిల్ తింటే ఆ ఏడాదంతా రోగం దరిచేరదని నమ్మకం. కొన్నిచోట్ల మే ఒకటో తారీకు లోపే మూడు పూటలూ అయిపోవాలంటారు, ఇంకొన్నిచోట్ల మార్చి అంటారు. రక్తం శుభ్రపడుతుందని, ఒంటి మీద కురుపులు రావని, కీళ్ళవాతం పట్టదని చెప్పేవాళ్ళు.

చలికాలం అంతా నిలవ బంగాళాదుంపలు, మజ్జిగ, ఓట్ జావ తిని గడిపిన ఒంటికి వసంతంలో మొలిచే తొలి ఆకుకూర ఇది. ఇనుము, విటమిన్ సి బాగా ఉన్న లేతాకు. దుంపలు నెలల తరబడి నిలవుంటే వాటిలో ఉన్న విటమిన్ సి తగ్గిపోతుంది. కాబట్టి "రక్తం శుభ్రపడటం" అనే మాట వెనక తిండికి సంబంధించిన నిజం ఉంది. మన ఉగాది వేపపువ్వులాగే ఇదీ రుతువు మారేటప్పటి ఆచారమే.

ఇంకో కోణం చెప్పకుండా ఉండలేను. 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన మహాకరువులో నెటిల్, పొలాల్లోని అడవి ఆవాకు మందుగా కాదు, ఆకలికి తిన్నారు. భాస్వరం ఎక్కువున్న నేలంటే నెటిల్‌కి ఇష్టం. మనుషులూ పశువులూ కాపురమున్న చోట ఆ సారం వందేళ్ళయినా పోదు. అందుకే పశ్చిమ ఐర్లండ్‌లో పైకప్పు లేని మొండిగోడల చుట్టూ ఇప్పటికీ నెటిల్ గుబురుగా ఉంటుంది. అక్కడ ఒకప్పుడు ఇల్లు ఉండేదని అదే చెబుతుంది.

కీళ్ళ నొప్పులకు నెటిల్ కొమ్మతో కావాలని కొట్టించుకునేవాళ్ళు కూడా ఉండేవారు. ఆ మంట ముందు పాత నొప్పి గుర్తుండదు మరి.

ప్లాంటెయిన్ గాయాలకు మందు అంటున్నారు. అరటికాయేనా?

కాదు! కూర అరటినీ ఇంగ్లీషులో ప్లాంటెయిన్ అనే అంటారు, కలిసింది పేరొక్కటే. ఈ ప్లాంటెయిన్ కాలిబాటల వెంట నేలకు అతుక్కుని మొలిచే చిన్న మొక్క. మనకు బాగా తెలిసిన చుట్టం ఇసబ్గోల్. సన్నాకు రకాన్ని ఐరిష్‌లో స్లాన్‌లుస్ అంటారు. స్లాన్ అంటే ఆరోగ్యంగా, క్షేమంగా ఉండటం, లుస్ అంటే మొక్క. మనం వీడ్కోలు చెప్పేటప్పుడు "క్షేమంగా వెళ్ళిరా" అన్నట్టు ఐరిష్‌వాళ్ళు కూడా స్లాన్ అనే అంటారు. ఆకు నమిలి ఆ ముద్దను తెగిన చోట పెట్టి నొక్కితే రక్తం ఆగుతుంది. మన ఊళ్ళలో గడ్డిచామంతి ఆకు నలిపి పెట్టినట్టే. నోటితో నమలడం మాత్రం ఇప్పుడు ఎవరూ చేయకూడదు.

రక్తం ఆపడానికి ఇంకో పేరున్న మొక్క యారో. ముక్కు నుంచి రక్తం కారితే దాని ఆకు పెట్టేవారు. అదే యారోని పెళ్ళికాని అమ్మాయిలు దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కలలో కనిపిస్తాడట.

కాంఫ్రీతో విరిగిన ఎముక అతుక్కుంటుందా?

దీని ఐరిష్ పేరుకు అర్థమే "విరిగిన ఎముకల మొక్క". వేరు తవ్వి, కడిగి, తురిమితే జిగురుగా ముద్ద వస్తుంది. బెణికిన చోటో విరిగిన చోటో ఆ ముద్ద పరిచి గుడ్డ చుట్టేవాళ్ళు. ఆరాక గట్టిపడి కదలకుండా పట్టి ఉంచుతుంది. అంటే అది చేసింది దాదాపు సిమెంట్ కట్టు చేసే పనే. ఎముకకు కావలసింది కదలకుండా ఉండటం, మిగతాది ఒళ్ళే చూసుకుంటుంది. కాంఫ్రీలో అలంటాయిన్ అనే పదార్థం కూడా ఉంది, చర్మం మానడానికి వాడే క్రీముల్లో దాన్ని ఇప్పటికీ కలుపుతారు.

తాగడం మాత్రం వద్దే వద్దు. ఇందులోని పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. 2001లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ లోపలికి తీసుకునే కాంఫ్రీ ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేయమని కంపెనీలకు చెప్పింది. పుండు మీద, తెగిన చర్మం మీద రాసుకోవడం కూడా మంచిది కాదు.

డాండెలియన్?

పసుపు పువ్వు, తర్వాత గాలికెగిరే తెల్ల బూరుగు. తుంచితే వచ్చే పాలు పులిపిర్ల మీద రాసేవారు. కషాయం గుండెకీ కాలేయానికీ మంచిదనేవారు, మూత్రం బాగా జారీ అవుతుందనేవారు. చివరిది నిజమే, ఆ పువ్వులు కోస్తే రాత్రి పక్క తడుపుతారని పిల్లల్ని బెదిరించేది అందుకే. ఫిబ్రవరి ఒకటిన వచ్చే సెయింట్ బ్రిజిడ్ పండుగతో ముడిపెట్టి దీన్ని ఐరిష్‌లో ఆవిడ పేరుతో పిలుస్తారు.

ఈ మొక్కల్ని డాక్టర్లు ఎప్పుడైనా పరీక్షించారా?

ఒకాయన పట్టించుకున్నాడు. డబ్లిన్ సెయింట్ విన్సెంట్ ఆస్పత్రి డాక్టర్ క్విన్‌లన్. క్షయకు పల్లెల్లో మల్లెయిన్ అనే ఎత్తైన మొక్క ఆకుల్ని పాలల్లో కాచి తాగించేవారు. క్షయ అప్పట్లో ఐర్లండ్‌లో ఇళ్ళకిళ్ళే ఖాళీ చేసిన రోగం, మల్లెయిన్‌ని తోటల్లో పెంచి మరీ అమ్మేవారు. క్విన్‌లన్ దాన్ని తన రోగులకిచ్చి, బరువు తూచి, 1883లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాడు. తొలి దశలో ఉన్నవాళ్ళకు దగ్గు తేలికపడింది, బరువు పెరిగారు. ముదిరినవాళ్ళకు పెద్దగా లాభం లేదు. ఆ బరువు మల్లెయిన్ వల్లా, రోజూ తాగిన చిక్కటి పాల వల్లా అని నాకు అనుమానం. ఏదేమైనా క్షయను నయం చేసింది 1943లో కనుక్కున్న స్ట్రెప్టోమైసిన్, దాని తర్వాతి మందులు.

ఆయనే మరో పక్కా కలుపు మొక్కను, బట్టలకు అంటుకునే క్లీవర్స్‌ని, మానని కాలి పుండ్ల మీద నూరి కట్టి ఫలితాలు రాశాడు. పల్లెవాళ్ళ మాటను కొట్టిపారేయకుండా, గుడ్డిగా నమ్మకుండా తూచి చూసిన పద్ధతి అది.

పశువులకూ ఇవేనా?

మనుషుల కంటే ముందు పశువులకే అనొచ్చు. ఆవు చస్తే ఇల్లు గడవదు. పిడుదు పురుగు కాటు వల్ల ఆవులకు మూత్రం ఎర్రగా వచ్చే జబ్బు ఉంది, రెడ్‌వాటర్ అంటారు. దానికి హెర్బ్ రాబర్ట్ కాచి పట్టేవారు. ఎందుకంటే ఆ మొక్క కాడలు ఎర్రగా ఉంటాయి! ఎరుపుకి ఎరుపు, పచ్చకామెర్లకు పసుపు పువ్వు, మొలలకు మొలల్లాంటి దుంపలున్న సెలండైన్. పోలికే మందు గుర్తు అనుకునేవారు. దూడల విరేచనాలకు టార్మెంటిల్ వేరు మాత్రం అలా కాదు, దానిలో వగరు నిజంగానే ఎక్కువ. తోళ్ళు ఊనడానికి కూడా దాన్నే వాడారు.

"ఆయన దగ్గర క్యూర్ ఉంది" అంటే ఏమిటి?

ఇక్కడ పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాట ఇది. మందు తెలుసని కాదు, ఒక ఫలానా రోగాన్ని పోగొట్టే హక్కు, చేతివాసి ఆ మనిషికి ఉందని అర్థం. ఒకరి దగ్గర తామరకు, ఒకరి దగ్గర సర్పికి, ఇంకొకరి దగ్గర కాలిన గాయాలకు. కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి దిగుతుంది. ఏడో కొడుకుకు పుట్టుకతోనే వస్తుంది. ఇంటిపేరు మారకుండా, అదే ఇంటిపేరున్నవాణ్ని పెళ్ళి చేసుకున్న ఆడమనిషి చేతి రొట్టె తింటే కోరింత దగ్గు పోతుంది. తెల్లగుర్రం మీద వెళ్ళే మనిషిని ఆపి దగ్గుకు ఏంచేయాలని అడిగితే, ఆయన నోటికి ఏదొస్తే అదే మందు.

డబ్బు తీసుకోకూడదు. థాంక్స్ కూడా చెప్పకూడదు. మొక్క పేరు బయటపెడితే పనిచేయదు. మన పక్క కామెర్లకు పసరు పోసేవాళ్ళ పద్ధతులు తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. నాకు మాత్రం ఈ రహస్యం వల్ల నష్టమే ఎక్కువ జరిగిందనిపిస్తుంది. చెప్పకుండానే పోయినవాళ్ళతో ఎన్ని మొక్కల సంగతులు మట్టిలో కలిశాయో.

వీళ్ళలో అందరికంటే పేరుపడిన మనిషి బిడ్డీ ఎర్లీ. క్లేర్ కౌంటీలో ఫీకిల్ దగ్గర ఉండేది, 1874లో చనిపోయింది. నీలం సీసాలోకి చూసి రోగం చెప్పేదని కథలు. చర్చి ఫాదర్లు వెళ్ళొద్దన్న కొద్దీ జనం ఇంకా వెళ్ళారట.

దేవకన్యలకీ మొక్కలకీ ఏం సంబంధం?

ఇక్కడ ఫెయిరీలంటే పిల్లల బొమ్మల పుస్తకాల్లోవాళ్ళు కాదు, భయపెట్టేవాళ్ళు. బిడ్డ కారణం లేకుండా చిక్కిపోతే, అసలు బిడ్డను ఎత్తుకుపోయి తమ పిల్లను పడుకోబెట్టారని అనుమానించేవారు. అది తేల్చడానికి ఫాక్స్‌గ్లవ్ రసం పట్టడం, ఆ నీళ్ళతో కడగడం చేసేవారు. ఫాక్స్‌గ్లవ్ గుండె మీద పనిచేసే విషం. గుండె జబ్బుల మందు డిగాక్సిన్ ఆ జాతి నుంచే వస్తుంది, కానీ మోతాదు కాస్త తప్పినా ప్రాణం పోతుంది. ఇంక పసిబిడ్డ సంగతి చెప్పాలా?

1895లో టిపెరరీ కౌంటీలో బ్రిజిట్ క్లియరీ అనే యువతి జబ్బుపడితే, ఆమె తన భార్య కాదని, ఫెయిరీలు మార్చేశారని భర్త అనుకున్నాడు. మూలికలు పాలల్లో కాచి బలవంతంగా తాగించారు. చివరికి భర్తే ఆమెను కాల్చాడు, ఆమె చనిపోయింది. భర్తకు జైలుశిక్ష పడింది. పల్లె వైద్యాన్ని ముద్దుగా వర్ణించేవాళ్ళు ఈ పేజీ తిప్పేస్తుంటారు.

రాగ్‌వర్ట్ కూడా మందేనా?

కీళ్ళ నొప్పులకు పట్టు వేసేవారు, ఫెయిరీలు రాత్రిపూట దాన్ని గుర్రంలా ఎక్కి తిరుగుతారనేవారు. ఎండుగడ్డిలో కలిస్తే ఆవులు, గుర్రాల కాలేయం పాడవుతుంది. ముట్టుకోకండి.

ఇదంతా డ్రూయిడ్ల కాలం నుంచి వస్తున్నదేనా?

అలా చెప్పి అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. మధ్యయుగంలో ఐర్లండ్‌లో వంశపారంపర్య వైద్య కుటుంబాలు ఉండేవి. ఓ హికీ అనే ఇంటిపేరుకు అర్థమే వైద్యుడు. ఈ కుటుంబాలు లాటిన్ వైద్య గ్రంథాలను ఐరిష్‌లోకి తెచ్చుకున్నాయి, వాటి వెనక అరబ్ వైద్యుల జ్ఞానం ఉంది. 1735లో కార్క్‌లో జాన్ కియో అనే మతాచార్యుడు దేశంలోని మొక్కల గుణాల మీద పుస్తకం అచ్చువేశాడు. అంటే చదువుకున్నవాళ్ళ వైద్యం, వాకిటి వైద్యం ఒకదానిలోకి ఒకటి కారుతూనే వచ్చాయి.

పాత కథ మాత్రం ఒకటి నిజంగా ఉంది. దేవతల వైద్యుడు డియన్ కేఖ్త్, తనకంటే మంచి వైద్యుడయ్యాడని అసూయతో కొడుకు మియాఖ్‌ను చంపేస్తాడు. సమాధి మీద 365 మూలికలు మొలుస్తాయి. చెల్లెలు ఎయిర్మిద్ తన వస్త్రం పరిచి ఏది దేనికో వరసగా పేరుస్తుంది. తండ్రి వచ్చి అంతా కలిపేస్తాడు. అందుకే ఏ మొక్క ఏ రోగానికో పూర్తిగా ఎవరికీ తెలియదట.

మేం ఐర్లండ్‌లోనే ఉంటున్నాం. కోసుకుని వండుకోవచ్చా?

లేత నెటిల్ వండుకోవచ్చు. గ్లవ్స్ వేసుకుని, పూత రాకముందు, పైన ఉన్న నాలుగైదు ఆకులే తుంచండి. వేడినీళ్ళలో వేయగానే కుట్టే గుణం పోతుంది. పప్పులో వేస్తే బాగుంటుంది, మేం వేసుకుంటాం. రోడ్డు పక్కవి, మందు కొట్టిన పొలం గట్లవి, కుక్కల్ని తిప్పే చోటివి వద్దు. వేరేవాళ్ళ పొలంలోకి అడగకుండా వెళ్ళకండి.

పువ్వు లేనప్పుడు ఫాక్స్‌గ్లవ్ ఆకు, కాంఫ్రీ ఆకు ఒకేలా కనిపిస్తాయి. కాంఫ్రీ టీ అనుకుని ఫాక్స్‌గ్లవ్ కాచుకుని ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. కాలవల పక్కన కొత్తిమీరలాగో సెలరీలాగో కనిపించే వాటర్ డ్రాప్‌వర్ట్ ఇంకా ప్రమాదం, దాని వేరు కొద్దిగా తిన్నా మనిషి బతకడం కష్టం. కొత్తిమీర వాసనలాంటిది వచ్చిందని ఏ అడవి మొక్కనూ నోట్లో పెట్టకండి. బీపీకో, రక్తం పలచబడటానికో మాత్రలు వేసుకునేవాళ్ళు నెటిల్ ఎక్కువగా తినే ముందు డాక్టర్‌ని అడగండి. ఎవరైనా తెలియని మొక్క తింటే వాంతి చేయించే ప్రయత్నాలు మాని, ఆ మొక్క ముక్క ఒకటి సంచిలో వేసుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.